రాత్రి రెండు గంటలకి నాన్నని ఎవరు తిప్పుతున్నారు?

నాన్న ఆర్టీసీ కండక్టరుగా చేసి 2005లో రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం విజయవాడ–ఏలూరు ఆర్డినరీ బస్సులోనే గడిచింది. అమ్మ పోయిన రెండేళ్లకి ఆయనకి మతిమరుపు మొదలైంది. మొదట కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయేవారు, తర్వాత ఇంటి దారి, ఆ తర్వాత అమ్మ లేదన్న సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఫస్ట్ బస్సు డ్యూటీ అంటూ చొక్కా గుండీలు పెట్టుకుని తలుపు గడియ తీసేవారు. ఒకరోజు రామవరప్పాడు రింగు దగ్గర చెప్పుల్లేకుండా నిలబడి ఉంటే, మా వీధి ఆటో అతను గుర్తుపట్టి ఇంటికి తీసుకొచ్చాడు.

2022 డిసెంబరులో బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి "కాలు ఎత్తండి" అంటే ఎందుకు ఎత్తాలో నాన్నకి అర్థమయ్యేది కాదు. నడక తిరిగి రాలేదు. అప్పటి నుంచి మంచమే.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. మా ఆయనకి విశాఖ బదిలీ అయింది, తమ్ముడు పుణెలో ఉంటాడు. ఏజెన్సీ ద్వారా ఇంట్లో మనిషిని పెట్టుకున్నాం. ఎనిమిది నెలల్లో ఐదుగురు మారారు. ఒకామె చెప్పకుండా వెళ్లిపోయిన రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న మధ్యాహ్నం నుంచి తడి పక్క మీదే ఉన్నారు. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి, నాన్నని పెద్దవాళ్లని చూసుకునే హోంలో చేర్పిద్దామని అన్నాను.

మా మేనత్త ఆ మాట విని, "మా అన్నయ్యని ఆశ్రమంలో పడేస్తున్నావా అమ్మడూ" అంది. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. మన ఊళ్లల్లో ఎవరూ లేనివాళ్లు వెళ్లే చోటుకే ఆశ్రమం అని పేరు. మంచంలో ఉన్న మనిషిని ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండడానికి ముగ్గురు మనుషులు కావాలని, అది ఒక్క ఆడమనిషి ఒంటరిగా చేయగలిగిన పని కాదని చూసినవాళ్లకే తెలుస్తుంది.

మొదట చేర్పించిన చోటు చూడ్డానికి చాలా బాగుండేది. గేటు లోపల పచ్చిక, చిన్న గుడి, ఏసీ హాలు. నెలకి 24 వేలు, 50 వేలు డిపాజిట్టు. డైపర్లు, మందులు మనవే. నాన్నకి పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చే ఈపీఎస్-95 పింఛను రెండు వేల చిల్లర. మిగతాది నేను, తమ్ముడు చెరి సగం వేసుకున్నాం. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకే చూడ్డానికి రానిచ్చేవారు. మిగతా టైములో వస్తే పేషెంట్లు డిస్టర్బ్ అవుతారని చెప్పారు. నాకు అది సబబుగానే అనిపించింది.

వెళ్లిన ప్రతి ఆదివారమూ నాన్న నిద్రలోనే ఉండేవారు. తెల్లటి పంచె, కొత్త దుప్పటి, నుదుట విభూది. "ఇక్కడికొచ్చాక చాలా ప్రశాంతంగా ఉంటున్నారు మేడం" అని మేనేజరు చెబితే నా గుండెల మీద బరువు దిగినట్టుండేది. ఇంట్లో రాత్రంతా కేకలు వేసిన మనిషి ఇంత ప్రశాంతంగా ఎలా మారారని ఒక్కసారైనా అడగలేదు. ఆ ప్రశ్న అడగనందుకు నాకు ఈరోజుకీ బాధే.

రెండున్నర నెలలయ్యాక, ఒక మంగళవారం గన్నవరం వైపు పని పడి పొద్దున్నే బయల్దేరాను. దారిలోనే కదా అని ఆరుంబావుకి అక్కడ ఆగాను. వాచ్‌మన్ వద్దన్నాడు. పది నిమిషాలు గేటు దగ్గరే నిలబడితే చివరికి లోపలికి పంపాడు.

గదిలో అడుగుపెట్టగానే వాసన. ఆదివారాల్లో ఎప్పుడూ లేని వాసన. నాన్న వెల్లకిలా పడుకుని ఉన్నారు. పెదాలు ఎండిపోయి పగిలాయి. మంచినీళ్ల బాటిల్ కిటికీ గట్టు మీద, ఆయన చేయి ఎంత చాపినా అందనంత దూరంలో ఉంది. డైపర్ మార్చాలని చూస్తే ఒకదాని మీద ఒకటి, రెండు తొడిగి ఉన్నాయి. ఊడ్చే ఆమెని సాయం పిలిచి పక్కకి తిప్పాను. నడుము దిగువన, తోక ఎముక మీద అరచేయంత పుండు. మధ్యలో నల్లగా.

రాత్రి డ్యూటీ ఆయాకి ఇరవై రెండేళ్లుంటాయేమో. నన్ను చూసి ఏడ్చేసింది. "పంతొమ్మిది మందికి నేనొక్కదాన్నే అక్కా. తాతయ్యని తిప్పాలంటే ఇద్దరుండాలి. నా వల్ల కాలేదు" అంది. మిగతాదంతా తనే చెప్పింది. వంటమనిషి త్వరగా వెళ్లాలి కాబట్టి రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నరకే పెట్టేస్తారు. పక్క తడవకూడదని ఆరు దాటాక నీళ్లివ్వరు. తెల్లారేదాకా మార్చే పని లేకుండా రెండు డైపర్లు వేస్తారు. గోల చేసేవాళ్లకి ఒక మాత్ర ఇస్తారు. ఆ మాత్ర పేరు చూశాను. మా డాక్టరు రాసిన చీటీలో అది లేదు.

ఆ అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సింది ఆమెని కాదు.

అదే రోజు నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లాను. పుండు చూసిన సర్జన్ గారు నన్ను ముందు అడిగింది జ్వరం గురించో, షుగర్ గురించో కాదు. "రాత్రి రెండు గంటలకి మీ నాన్నగారిని ఎవరు తిప్పుతున్నారమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పినవి, తర్వాత డ్రెస్సింగ్ చేసే సిస్టర్ల దగ్గర నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు మంచంలో ఉన్నవాళ్లు దయచేసి ఇది వదలకుండా చదవండి. మనిషి కదలకుండా పడుకుంటే ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం అందదు. కొన్ని గంటలు చాలు, లోపల కండ చచ్చిపోవడం మొదలవుతుంది. పైకి చిన్న మచ్చలా కనిపించినా లోపల పెద్ద గుంత ఉండొచ్చు. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకి దొర్లించేస్తే తుంటి మీద బరువు పడుతుంది కాబట్టి, వీపు కింద దిండు పెట్టి కొద్దిగా ఏటవాలుగా ఉంచాలి. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. ఎయిర్ బెడ్ మంచిదే, కానీ అది వేశాం కదా అని తిప్పడం మానేయకూడదు. మనవాళ్లు మామూలుగా కొనే, మధ్యలో కన్నం ఉన్న గుండ్రటి గాలి ట్యూబు వద్దన్నారు. దాని అంచు ఒత్తుకుని చుట్టూ రక్తం ఆగిపోతుందట. ఎర్రబడిన చోట పౌడరు వేసి గట్టిగా రుద్దడం కూడా తప్పే. నేను ఇంట్లో ప్రేమగా చేసింది అదే.

ఇంకో సంగతి. పుస్తకాల్లో 'ఎర్రటి మచ్చ' అని రాస్తారు గానీ, మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు. చుట్టుపక్కల కంటే నల్లగా కందినట్టున్నా, ముట్టుకుంటే వేడిగానో గట్టిగానో తగిలినా అనుమానించాలి. తెల్లని ఒళ్లయితే వేలితో నొక్కి వదిలినప్పుడు పాలిపోకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలైనట్టే.

నిద్రమాత్ర సంగతీ ఆయనే చెప్పారు. మత్తులో ఉన్న మనిషి నిద్రలో సహజంగా కదిలే ఆ కాస్త కదలికా ఉండదు. సరిగా మింగలేరు, తినరు, తాగరు. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్, దాంతో ఉన్నట్టుండి అయోమయం ఎక్కువవుతుంది. గోల చేస్తున్నారని ఇంకో మాత్ర వేస్తారు. మా నాన్న 'ప్రశాంతత' వెనక ఉన్నది ఇది.

చచ్చిన కండ తీసేశారు. రోజూ డ్రెస్సింగ్, గుడ్లు, పప్పు, పాలపొడి కలిపిన గంజి. పుండు మానడానికి పదకొండు వారాలు పట్టింది. జీతం లేని సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని, పక్కింటి కుర్రాడిని సాయం పిలిచి తిప్పేదాన్ని. పన్నెండు దాటాక ఆ అబ్బాయిని లేపలేక దుప్పటి మడతపెట్టి లాగుతూ ఒక్కదాన్నే చేసేదాన్ని. మా మేనత్త వచ్చి పది రోజులు నాతో ఉంది. వెళ్లేటప్పుడు, "ఇంకో మంచి చోటు చూడమ్మా. నువ్వు కూడా మంచాన పడితే అన్నయ్యకెవరున్నారు" అంది.

మొదటి చోటు మేనేజరుకి ఫొటోలు చూపిస్తే, "ఈ వయసులో పడక పుండ్లు మామూలే కదా మేడం" అన్నాడు. మామూలు కాదు. సరిగా తిప్పుతూ, పొడిగా ఉంచుతూ, తిండి చూసుకుంటే చాలావరకు రాకుండా ఆపొచ్చని సర్జన్ గారు చెప్పారు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేశాను. టోల్‌ఫ్రీ. అవతలి అమ్మాయి ఓపిగ్గా అన్నీ రాసుకుని, జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇమ్మంది. ఇచ్చాను. ఒక అధికారి వెళ్లి చూసి వచ్చారని తెలిసింది. డిపాజిట్టులో సగం తిరిగొచ్చింది.

అప్పుడే చట్టం గురించి కొంత చదివాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో స్థాయి అధికారి ముందు ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూడకపోతే ఆ రాత చెల్లదని ప్రకటించమనీ అడగొచ్చు. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకి సరిపడే హోంలు ప్రభుత్వం పెట్టవచ్చని కూడా ఉంది. కానీ డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు హోంలో రాత్రిపూట ఎంతమందికి ఎంతమంది ఆయాలుండాలో అందులో లేదు. 2019లో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లులో హోంల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉన్నాయి. అది చట్టం కాలేదు. అది అయ్యుంటే ఆ పంతొమ్మిది మందికి ఒక్క పిల్ల ఉండే పరిస్థితి వచ్చేది కాదేమో.

రెండోసారి వెతికినప్పుడు ఏడు చోట్లు చూశాను. ఈసారి పగలు వెళ్లలేదు, రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్లాను. నాలుగు చోట్ల గేటే తీయలేదు. ఆ నాలుగూ అక్కడే కొట్టేశాను. లోపలికి వెళ్లిన చోట భవనం చూడలేదు. పెద్దవాళ్ల గోళ్లు చూశాను, మడమలు చూశాను. మంచినీళ్లు చేతికి అందేలా ఉన్నాయా, పిలవడానికి బెల్లు ఉందా అని చూశాను. రాత్రి భోజనం ఎన్నింటికి, పొద్దున టిఫిన్ ఎన్నింటికి అని అడిగాను. ఐదున్నరకి పెట్టి మళ్లీ ఎనిమిదింటికి పెడితే పద్నాలుగున్నర గంటల ఎడం. షుగర్ మందు వేసుకునేవాళ్లకి తెల్లవారుజామున షుగర్ పడిపోతే, నిద్రపోతున్నారనుకుంటారు తప్ప ఎవరికీ తెలియదు. ఆయాని పక్కకి పిలిచి, "ఇక్కడ ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావమ్మా" అని అడిగాను. ఆ ఒక్క జవాబుతో చాలా తెలిసిపోతుంది. నెల తిరక్కుండా మనుషులు మారే చోట మీ నాన్నకి ఎడమ చెవి వినపడదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఏడో చోటు పాత ఇల్లు. గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ అద్దెకి తీసుకుని నడుపుతున్నారు. ఇరవై రెండు మంది పెద్దవాళ్లు, రాత్రి ముగ్గురు ఆయాలు. పచ్చిక లేదు, గోడల మీద సున్నం పెచ్చులు ఊడుతున్నాయి. ప్రతి మంచం దగ్గరా గోడకి ఒక కాగితం. గంటలు వరసగా రాసి, ఎదురుగా 'కుడి', 'ఎడమ', 'వెల్లకిలా' అని, పక్కన ఎవరు తిప్పారో వాళ్ల పొడి అక్షరాలు. నేను రెండు గంటల గడిలోకే చూశాను. ముందు రోజు రాత్రిది నిండి ఉంది. ఒకరు ఒకేసారి కూర్చుని గళ్లన్నీ నింపేశారేమోనని అనుమానం వచ్చి పరీక్షగా చూశాను. మూడు రకాల చేతిరాతలు, రెండు రంగుల పెన్నులు, ఒక చోట అన్నం మరక. నమ్మకం కుదిరింది.

"ఎప్పుడైనా రావచ్చా?" అని అడిగితే, "మీ నాన్నని చూడ్డానికి నన్నడగడమేమిటమ్మా" అన్నారావిడ.

చేరిన మొదటి వారం నాన్న స్నానానికి ఒప్పుకోలేదు. ముట్టుకుంటే కొట్టేవారు. ఇంట్లోనూ అంతే, మేం ఇద్దరం పట్టుకుని చేయించేవాళ్లం. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక ఆయా రెండు రోజులు ఊరికే పక్కన కూర్చుని ఆయన మాటలు విన్నదట. నాన్న లోలోపల "ఎనికేపాడు... నిడమానూరు... గూడవల్లి..." అని గొణుగుతుంటే అదేమిటని నాకు ఫోన్ చేసి అడిగింది. కండక్టరు అని చెప్పాను. మర్నాడు పొద్దున ఆమె మగ్గు పక్కన పెట్టి, పది రూపాయల నోటు చాపి, "తాతయ్య గారూ, గన్నవరం ఒకటి ఇవ్వండి" అందట. నాన్న నోటు తీసుకుని మడిచి వేళ్ల మధ్య పెట్టుకున్నారు, వెనకటి కండక్టర్లు పెట్టుకున్నట్టే. ఆమె ఎడమ చేయి కడుగుతూ "ప్రసాదంపాడు వచ్చిందా?" అంది, వీపు రుద్దుతూ "కేసరపల్లి వచ్చిందా?" అంది. గన్నవరం వచ్చేసరికి స్నానం అయిపోయింది. జుట్టు తుడిచి "దిగేస్తాను, ఆపండి" అంటే, నాన్న మంచం చట్రం మీద తట్టారట.

ఫోన్లో ఇదంతా వింటూ ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆయన కూతుర్ని నేను. ఇన్నేళ్లలో నాకు తట్టలేదు.

అక్కడ తప్పులు జరగలేదని కాదు. ఒకసారి పక్క మంచం ఆయన బీపీ మాత్ర నాన్నకి ఇచ్చేశారు. పది నిమిషాల్లో నాకు ఫోన్ వచ్చింది. "మా వల్ల పొరపాటు జరిగిందమ్మా. డాక్టరు గారికి చెప్పాం, గంట గంటకీ బీపీ చూస్తున్నాం, మీరు రావాలనుకుంటే రండి" అన్నారు. వెళ్లాను. నాన్నకి ఏమీ కాలేదు. మర్నాటి నుంచి మందుల డబ్బాల మీద పేరుతో పాటు ఫొటో కూడా అతికించారు. మొదటి చోటు నుంచి రెండున్నర నెలల్లో ఒక్కసారి కూడా చెడు వార్త రాలేదు. ఇక్కడి నుంచి వస్తుంటాయి: ఈరోజు సరిగా తినలేదు, కిలో తగ్గారు, మడమ దగ్గర కందినట్టుంది. ఫోన్ మోగితే టెన్షన్ పడతాను గానీ, ఆ ఫోన్లు వస్తున్నందుకే అక్కడ ఉంచాను.

ఆయాల జీతం గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. రాత్రి డ్యూటీకి నెలకి పన్నెండు వేలు ఇచ్చేవారు. పన్నెండు గంటల డ్యూటీ, ఎత్తి దించి నడుములు పట్టేసే పని. పక్కనే షాపింగ్ మాల్లో బట్టలు మడతపెడితే అంతే వస్తుంది, కూర్చునే వీలుంటుంది. ఒకే నెలలో ఇద్దరు మానేశారు. కొత్త మొహం చూస్తే నాన్న మళ్లీ కొట్టడం మొదలుపెడతారు, తిండి మానేస్తారు. అప్పుడు మేం కుటుంబాల వాళ్లం పద్నాలుగు మందిమి ఒక ఆదివారం కూర్చున్నాం. నెలకి మనిషికి పదిహేను వందలు ఎక్కువ ఇస్తాం, అది రాత్రి ఆయాల జీతానికే వెళ్లాలి అని ఆవిడని అడిగాం. ఆవిడ లెక్క పుస్తకం మా ముందు పెట్టి ఒప్పుకున్నారు. ఇద్దరికి ఆ పదిహేను వందలు నిజంగా కష్టం. వాళ్లది మిగతావాళ్లం పంచుకున్నాం. తర్వాత ఏడాదిలో ఒక్కరే మానేశారు.

ఆ ఒక్కరూ పార్వతీపురం ఆయానే. చెల్లెలి పెళ్లని వెళ్లి అక్కడే ఉండిపోయింది. వెళ్లే ముందు రోజు నాన్న దగ్గర టికెట్ తీసుకుని ఏలూరు దాకా వెళ్లిందట. ఆమె స్థానంలో చేరిన అమ్మాయికి ఈ ఊళ్లేవీ తెలియవు. మొన్న ఆదివారం ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద వరసగా రాశాను: రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి, గన్నవరం, ఆత్కూరు, తేలప్రోలు, వీరవల్లి, హనుమాన్ జంక్షన్, కలపర్రు, ఏలూరు. ఆమె రెండు సార్లు పైకి చదివి, కాగితం మడిచి గోడ మీద చార్టు వెనక దోపుకుంది. గుమ్మం దాకా వెళ్లినదల్లా ఆగి, "అక్కా, స్నానానికి గన్నవరం దాకా చాలు కదా. అన్నం తినిపించేటప్పుడు ఎక్కడి దాకా వెళ్లాలి?" అని అడిగింది.